యు గడి ఖాళీ

బ్రాడీపేట నాలుగో లైను, మెట్ల కింద ప్రెస్సు.
ముసురు పట్టి మూడో రోజు.
ఆరాధన క్రమం, వెయ్యి ప్రతులు, ఆదివారానికల్లా కావాలి.
విశ్వాస ప్రమాణం సగంలో
గడిలోకి వెళ్లిన వేళ్లు ఉత్తవే తిరిగొచ్చాయి.

యు లేదు.
యుగయుగములు చోటుకు రెండేసి మింగింది.
దయచేయుము, కాయుము, తీసివేయుము,
ప్రార్థనలన్నీ దాన్నే తిన్నాయి.
పని నేర్పినవాళ్లు చెప్పినట్టే
అంత వెడల్పున్న ఇంకో అచ్చును తలకిందులుగా దింపాను.
ప్రూఫులో ఇలా పడింది:
ఆత్మ, తండ్రి నుండియు కుమారుని నుండి■ బయలుదేరును.

థియోఫిలు మాస్టారు కాలేజీలో తర్కం చెప్పి రిటైరయ్యారు.
ఫారానికి రెండు రూపాయలు, ఒక టీ.
ఎర్ర పెన్ను ఆ నల్లమచ్చ మీద ఆగింది.
"ఒరే హబక్కూకూ,
ఈ మచ్చ దగ్గరేరా క్రైస్తవం రెండు ముక్కలైంది."

కాన్‌స్టాంటినోపుల్‌ అట. సముద్రం ఒడ్డున గుమ్మటాల పట్నం.
పడమటివాళ్లు యు ఉండాలన్నారు.
తూర్పువాళ్లు ఎవర్నడిగి చేర్చారన్నారు.
మధ్యవాళ్లు కొందరు, నుండి వద్దులే, ద్వారా అందాం అన్నారు.
విభక్తి మార్చి చూశారు, సంధి కుదరలేదు.

మార్జిన్‌లో మాస్టారు రాశారు:
ఈ సారము తండ్రి.
ఈ సారమే కుమారుడు.
కాబట్టి

అక్కడ పెన్ను ఎత్తేశారు.
"రెండు వాక్యాలు నిజమైతే మూడోది తన కాళ్లతో నడిచొస్తుందని
ముప్పై ఏళ్లు పిల్లలకి చెప్పాను.
ఇక్కడ నడిచిందా, తండ్రే కుమారుడైపోతాడు.
దేవుడి దగ్గర తర్కం చెల్లదని ఒక సన్యాసి.
చెల్లకపోతే నువ్విప్పుడు దేంతో వాదిస్తున్నావని ఇంకో సన్యాసి.
వద్దనడానికీ అదే కావలసొచ్చింది, చూశావా!"

ఫారాలు మడతపెడుతున్న రాహేలమ్మ తల ఎత్తలేదు.
ఎండాకాలమంతా ఆమె పని యార్డులో, మిరప తొడిమలు తీయడం.
"తొడిమ ఉంది, కాయ ఉంది, ఘాటు ఉంది.
ఘాటు దేన్నుంచి బయల్దేరిందో
తుమ్మేవాణ్ణి ఆపి అడుగుతామాండీ?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.
"ఉపమానం రుజువు కాదమ్మా."
"కాదులెండి. మా చేతుల మంట మటుకు
రాత్రి పిల్లాణ్ణి ముట్టుకుంటే వాడికీ అంటుద్ది."
ఆయన ఇంకేదో అనబోయి టీ తాగారు.

నేను తడుస్తూ రెండో లైనుకి పోయాను,
పంచాంగం వేసే అవధాన్లుగారి ప్రెస్సుకి.
"ఎన్ని?"
"పన్నెండు."
"దేనికిరా?"
"కుమారుని నుండి కూడా అని చెప్పడానికండీ."
ఆయన నా వంక చూసి, ఏమీ అడక్కుండా
ఒక్కొక్కటీ అరచేతిలో లెక్కపెట్టారు.
"ఎల్లుండికి తేవాలి.
నాకు వాయువ్యం ఉంది, ఆయువు ఉంది."

తిరిగొచ్చేసరికి మాస్టారు వెళ్లిపోయారు.
మచ్చ మీద కొట్టివేత లేదు, ఒప్పు లేదు.
పక్కన కాబట్టి, దాని తర్వాత తెల్లకాగితం.
నేను యు దింపాను.
ఆదివారం వెయ్యి గొంతులు అది పలికాయి,
ఎవరి నోరూ తడబడలేదు.

ఎల్లుండి లెక్క చూస్తే పదకొండే.
బండ సందుల్లో పుల్ల పెట్టి వెతికాం.
"దొరికినప్పుడే ఇవ్వు" అన్నారు అవధాన్లుగారు.

దొరికింది. పదహారేళ్లకి.
ఆఫ్‌సెట్ వచ్చి, సీసమంతా తూకానికి పోయిన రోజున
ట్రెడిల్ కాలి కింద మట్టిలో.
అప్పటికి ఆ ప్రెస్సు లేదు, ఆయనా లేరు.
మాస్టారు అంతకు ముందే.

సొరుగులో ఉంచాను.
ఎడమ కుడై ఉంటుంది కదా, అద్దంలో చూస్తేగాని అక్షరం కాదు.
అప్పుడప్పుడు వేలికి అద్ది చూసుకుంటాను.
ఆ వాక్యం పూర్తిచేయడం నా వల్ల కాలేదు.
అవధాన్లుగారికి మాత్రం
ఒక ఆయువులో సగం బాకీ.